పానిపట్టు యుద్ధకథనాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నేటి హర్యానా రాష్ట్రంలోని పానిపట్టు వద్ద 1526, 1556, 1761 సంవత్సరాలలో జరిగిన మూడు యుద్ధాలను భారతదేశ తలరాతను మార్చిన ఘట్టాలుగా చరిత్ర పాఠాలు వర్ణిస్తూ వచ్చాయి. ఈ వర్ణనకు మూలమైన కథనాలు గెలుపోటములను దైవానికో, నాయకుల గుణదోషాలకో ముడిపెట్టాయి. అయితే అవే కథనాలలో భౌగోళిక స్థితి, ఫిరంగులు, ధాన్యం సరఫరా గురించిన వివరాలూ ఉన్నాయి. ఆ వివరాలు విధివాదాన్ని ఎలా ప్రశ్నిస్తాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పానిపట్టు, హర్యానా, బాబర్‌నామా, హేమూ, కాశీరాజ్, బఖర్, ఇబ్రహీంఖాన్ గార్దీ.

1. ఉపోద్ఘాతం:

ఉత్తరాన శివాలిక్ కొండలు, నైరుతిన ఎడారి, తూర్పున యమునానది ఎల్లలుగా ఉన్న మైదానం హర్యానా. వాయవ్యం నుంచి ఢిల్లీకి వచ్చే రాజమార్గం దీని మీదుగానే సాగుతుంది. 1191, 1192లలో తరాయిన్ యుద్ధాలు, 1739లో కర్నాల్ యుద్ధం కూడా ఈ దారి పరిసరాలలోనే జరిగాయి. దీనిని బట్టి పానిపట్టును “ఢిల్లీకి ద్వారం” అనడం పరిపాటి అయింది. ఈ మాటలో కొంత నిజం ఉన్నా, మూడు యుద్ధాలకూ అది సమానంగా వర్తించదు. 1761లో దండెత్తి వచ్చిన అహ్మద్‌షా అబ్దాలీ ఢిల్లీ వైపు నిలిచాడు. ఢిల్లీని అంతకుముందే స్వాధీనం చేసుకున్న మరాఠాలు అతనికి ఉత్తరాన చిక్కుకున్నారు. ద్వారాన్ని కాపాడవలసినవారే ద్వారం వెలుపల మిగిలిపోయారు. అందువల్ల ఒక్కొక్క యుద్ధాన్ని విడిగా పరిశీలించడం అవసరం.

2. బాబర్ స్వీయకథనం:

1526 ఏప్రిల్ 21నాటి యుద్ధానికి ప్రధాన ఆధారం విజేత స్వయంగా చగతాయ్ తుర్కీ భాషలో రాసుకున్న బాబర్‌నామా. ఇబ్రహీం లోడీ సైన్యం లక్ష అనీ, ఏనుగులు వెయ్యికి దగ్గర అనీ బాబర్ అంచనా వేశాడు. సింధునది దాటినప్పుడు తనవారు, సేవకులతో కలిపి, 12,000 మంది అని చెప్పాడు. శత్రువును అంచనాతోను, తనవారిని లెక్కతోను చూపిన ఈ పోలిక విజయాన్ని దైవానుగ్రహంగా చిత్రించడానికి తోడ్పడింది. ఇబ్రహీం లోభి అనీ, యుద్ధానుభవం లేనివాడనీ చేసిన వ్యాఖ్యలను కూడా ఈ దృష్టితోనే చదవాలి.

కాని ఆ గ్రంథమే మరొక సంగతి చెబుతుంది. కుడివైపు పానిపట్టు పట్టణాన్ని, ఇళ్లను అడ్డుగా పెట్టుకుని, ఎడమవైపు కందకాలు తవ్వించి, చెట్ల కొమ్మలు అడ్డుపెట్టి, మధ్యలో బళ్లను తోలుతాళ్లతో కట్టించి, వాటి వెనుక తుపాకులవారిని నిలిపినట్లు బాబర్ వివరించాడు. తరువాత దాదాపు వారం రోజులు ఎదురుచూశాడు. ఎంత పెద్ద సేన అయినా ఇరుకైన ముఖభాగం మీదనే దాడి చేయవలసి వచ్చింది. ఆ ఏర్పాటులో పట్టణమే ఒక కోటగోడ అయింది. ఆ ఇళ్లలో నివసించినవారి గురించి మాత్రం కథనం మౌనం వహించింది.

3. హేమూ పరాజయం:

1556 నవంబరు 5న హేమూ కంటికి తగిలిన బాణమే రెండవ యుద్ధాన్ని తేల్చిందని ప్రసిద్ధి. ఏనుగుపై ఉన్న నాయకుడు కనిపించకపోతే సేన చెదరడం ఆనాటి యుద్ధరీతిలో సహజమే కనుక ఆ బాణం ప్రాధాన్యాన్ని తోసిపుచ్చలేము. అయితే యుద్ధానికి ముందే హేమూ పంపిన ఫిరంగులను మొగలుల ముందుదళం పట్టుకుంది. చరిత్ర పాఠాలలో బాణానికి దక్కిన చోటు ఫిరంగులకు దక్కలేదు.

పట్టుబడిన హేమూను చంపిన తీరుపైన కూడా ఆధారాలు ఏకీభవించవు. అక్బర్ కత్తి దూయడానికి నిరాకరించాడని అబుల్ ఫజల్, అక్బరే వేటు వేశాడని ఆరిఫ్ కందహారీ రాశారు. బాలచక్రవర్తిని దయామూర్తిగా చూపాలా, ధర్మవీరునిగా చూపాలా అన్నదే ఇక్కడి భేదం. అలాగే ఆనాటి ఘోరమైన కరవులో హేమూ ఏనుగులకు బియ్యం, చక్కెర, నెయ్యి పెట్టించాడని బదాయూనీ నిందించాడు. రచయితకు హేమూపై ఉన్న ద్వేషాన్ని తగ్గించి చదివినా, కరవు ప్రస్తావన మిగిలే ఉంటుంది. సింహాసనం కోసం పోరు సాగిన నేల అప్పటికే ఆకలితో అలమటిస్తూ ఉంది.

4. మూడవ యుద్ధం: రెండు దృష్టికోణాలు:

1761 జనవరి 14నాటి యుద్ధాన్ని అవధ్ నవాబు షుజా ఉద్దౌలా కొలువులోని కాశీరాజ్ పారసీలో వివరించాడు. పుట్టుకతో మహారాష్ట్రుడు, కొలువుతో ప్రత్యర్థిపక్షంవాడు కావడం అతని కథనానికి ప్రత్యేకత. మరాఠీలోని ‘భావూసాహేబాంచీ బఖర్’ సర్దారుల మధ్య వైషమ్యాలకు ప్రాధాన్యమిచ్చింది. సదాశివరావు భావు అహంకారం, మల్హారరావు హోల్కర్ లౌక్యం వంటి పాత్రచిత్రణలు చాలావరకు బఖర్ల ద్వారా ప్రచారం పొందాయి.

సంఘటనల క్రమం వేరొక కారణాన్ని సూచిస్తుంది. 1760 అక్టోబరులో మరాఠాలు కుంజ్‌పురాను పట్టుకుని అక్కడి ధాన్యాన్ని పొందారు. ఆ నెలాఖరులోనే అబ్దాలీ బాగ్‌పత్ వద్ద యమునను దాటి ఢిల్లీ దారిని మూసివేశాడు. సరఫరాకు ఆధారమైన గోవిందపంత్ బుందేలా డిసెంబరులో హతుడయ్యాడు. స్త్రీలు, యాత్రికులు, సేవకులతో నిండిన శిబిరం ఆకలికి గురైంది. తిండి లేదని సర్దారులు మొరపెట్టుకున్న తరువాతనే భావు యుద్ధానికి సిద్ధపడ్డాడని కాశీరాజ్ నమోదు చేశాడు. కర్నాల్‌లో సైతం మొగల్ శిబిరాన్ని ధాన్యం కొరతే కుంగదీసింది. అక్కడ నాదిర్‌షాతో సంధి మాటలు నడిపినవాడు హైదరాబాదు నిజాముల్ ముల్క్.

ఈ యుద్ధానికి తెలుగునేలతోనూ సంబంధం ఉంది. మరాఠా ఫిరంగిదళాన్ని నడిపిన ఇబ్రహీంఖాన్ గార్దీ, అంతకుముందు నిజాము కొలువులో ఫ్రెంచి సేనాని బుస్సీ పద్ధతిలో శిక్షణ పొందినవాడు. బుస్సీ సేనల పోషణకు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారుల రాబడి కేటాయించారు. గార్దీ నేర్చిన యుద్ధవిద్య వెనుక తెలుగు రైతు చెల్లించిన శిస్తు ఉంది.

5. ముగింపు:

ఆకలి ఒక్కటే అన్ని యుద్ధాలనూ నిర్ణయించిందనడం విధివాదం వంటి మరొక అతిసరళీకరణే అవుతుంది. మొదటి యుద్ధంలో స్థలాన్ని వాడుకున్న తీరు, రెండవదానిలో ఫిరంగుల నష్టంతో పాటు నాయకుని పతనం, మూడవదానిలో మూసుకుపోయిన దారి ప్రధాన కారణాలుగా కనిపిస్తాయి. ఈ మూడింటినీ “శాపగ్రస్త భూమి” అన్న ఒక్క మాటతో కలిపినప్పుడు నిర్ణయాలు తీసుకున్నవారి బాధ్యత తేలికవుతుంది. ఆ నేలను దున్నుకున్నవారి నష్టం మరుగునపడుతుంది. విజేతలు, ఆస్థాన రచయితలు యథాలాపంగా విడిచిన ఇళ్లు, బళ్లు, ధాన్యం వంటి వివరాలను వారి తీర్పుల నుంచి వేరుచేసి చదవగలిగితేనే పానిపట్టు చరిత్ర సింహాసనాల చరిత్రగా మాత్రమే మిగలకుండా హర్యానా ప్రజల చరిత్ర కూడా అవుతుంది.