మూగపోయిన నాలుగోది

డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి గురించి హెచ్చరించే పసుపు దీపం వెలగగానే మనం దిగి టైరును కాలితో తన్ని చూస్తాం. టైరు షాపు మేస్త్రీ మాత్రం ముందు ఆ దీపాన్నే చూస్తాడు. నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు. స్టార్ట్ చేశాక నిమిషం పాటు మిణుకుమని, ఆపైన వెలుగుతూ ఉండిపోతే జబ్బు టైరుది కాదు, దానికి కాపలా కాసే వ్యవస్థది. ఆ తేడా పట్టడమే సగం వైద్యం.

అయినా గేజి పెట్టందే దేన్నీ నమ్మడు. టైర్లు చల్లబడ్డాక గాలి కొలిచి, డ్రైవరు తలుపు పక్కన అంటించిన అంకెతో పోలుస్తాడు. తర్వాత స్కానర్‌ను ఒక్కో వాల్వు దగ్గర పెట్టి లోపలి సెన్సర్‌ను పలకరిస్తాడు. మూడు బదులిస్తాయి, నాలుగోది మూగపోతుంది. చాలాసార్లు దాని బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లే. కొన్ని కార్లలో చక్రాల్లో సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం కాస్త వేగంగా తిరుగుతుందన్న లెక్కతో బ్రేకుల ఏబీఎస్ వ్యవస్థే దాన్ని పసిగడుతుంది. అక్కడ గాలి సరిచేసి రీసెట్ చేస్తే చాలు.

నాలుగు సెన్సర్లూ మార్చేయమనడం తేలిక. చెడింది ఇదొక్కటేనని చెప్పడంలోనే ఉంది నేర్పూ, నిజాయితీ.