గంగమ్మ వేషమా, నీకు దండం

మే నెల ఎండలో గంగమ్మ జాతరకు తిరుపతి వీధుల్లోకి దిగే వేషమా, నీకు దండం. అవిలాల నుంచి కైకాల కుటుంబం వాళ్లు గ్రామదేవత గంగమ్మకు పుట్టింటి సారె తెస్తారు. చాటింపు పడుతుంది. ఇక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదన్నది ఆచారం. అప్పుడు నువ్వు మేలుకుంటావు.

బైరాగివై నామపు సుద్ద పూసుకుంటావు. బండవై కుంకుమతో ఎర్రబారుతావు. బూతులు తిట్టినా తల్లి కోపగించుకోని రోజది. తోటివై ఒంటికి బొగ్గు రాసుకుని వేపాకు చుట్టుకుంటావు. దొరవై గంధం అలదుకుంటావు. ఇన్ని రంగులూ ఒక్కడి కోసమే. ఆడబిడ్డల మీద చెయ్యి వేసిన పాలెగాడు గంగమ్మకు జడిసి దాక్కుంటే, వాణ్ని వెతకడానికి తల్లి కట్టిన రూపాలివి. దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, తల తెగింది. మరునాడే మాతంగివై వాడి పెళ్లాన్ని ఓదార్చబోయావు. నరికిన చేత్తోనే కన్నీళ్లు తుడిచావు. నీ రూపాలన్నింటిలో నేను ముందుగా మొక్కేది ఆ మాతంగికే.

నిన్ను తలచుకుంటే జపాన్ చెక్క అచ్చుల బొమ్మలు కళ్లముందుకొస్తాయి. 1794లో ఎడో నగరంలో షరాకు అనే చిత్రకారుడు కబుకి నాటకాల నటుల ముఖాలు గీశాడు. ఒకరు చెర్రీ చెక్క మీద ఆ గీతలు చెక్కారు, మరొకరు కాగితం మీద రంగులు అచ్చొత్తారు. ఆ ముఖాల వెనక అభ్రకం తళుక్కుమంది, మన గూడూరు గనుల్లో పొరలు పొరలుగా దొరికే అభ్రకమే. పది నెలల్లో 140కి పైగా బొమ్మలిచ్చి షరాకు కనుమరుగయ్యాడు. కబుకిలో ఆడవేషాలు కట్టేదీ మగవాళ్లే. నున్నగా దువ్విన కొప్పు కింద మగవాడి గట్టి దవడను షరాకు దాచలేదు. నువ్వూ దాచవు. పట్టుచీర, పూలజడ, చేతినిండా గాజులు, పైన నిక్కిన మీసం. ఒకే ముఖంలో ఇద్దరూ కనబడతారు, ఎవరూ ఎవరినీ చెరపరు.

అక్కడ నటుడి పేరు తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. ఇక్కడ కైకాల ఇంట నువ్వూ అలాగే దిగుతావు. అయితే ఎడోలో ఆట చూసినవాడు నటుడి బొమ్మ కొనుక్కుని ఇంటికి పోయేవాడు. తిరుపతిలో చూసేవాడే నువ్వవుతాడు. కూలివాడు, కొట్టువాడు, కాలేజీ కుర్రాడు మొక్కు చెల్లించడానికి చీర కడతారు. తల్లులు చంటివాడికి కూడా కుంకుమ పూసి చంకనెత్తుకొస్తారు. నీకు తెర లేదు, అరుగు లేదు, టికెట్టు లేదు. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దారంతా నీదే.

చివరి తెల్లవారుజామున గుడి ముందు మట్టితో విశ్వరూపం లేస్తుంది. ఆ రూపం చెంప తీయగానే ఆ మట్టి కోసం వేలమంది చేతులు చాస్తారు. ఎడో కాగితాన్ని దాచుకుంది, తిరుపతి మట్టిని ప్రసాదంగా పంచుకుంటుంది.

వేషమా, ఏటా రా. మగవాడి ఒంటికి చీర బరువు తెలియజెయ్యి. ఆడపిల్ల మీద పడే చూపు ఎంత గుచ్చుకుంటుందో వాడికీ అనుభవానికి రానీ. రంగు కడుక్కుని మళ్లీ పనికి పోయిన మర్నాడు కూడా వాడిలో పాలెగాడు తలెత్తకూడదు. నీ ముందు నా మొక్కు ఇదొక్కటే.