కవచమా, వడపోతా? – అతినీలలోహిత కాంతి, తెలుగు వైజ్ఞానిక వచనం

తెల్లాపూర్‌లోని ఒక అద్దాల భవనంలో కిటికీ పక్కన కూర్చున్న ఉద్యోగిపై పడే ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయా, ఉండవా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. సాధారణ కిటికీ అద్దం 280–315 నానోమీటర్ల యూవీ-బి కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. 315–400 నానోమీటర్ల యూవీ-ఎ కిరణాలలో గణనీయమైన భాగాన్ని లోనికి వదులుతుంది. ఏ తరంగదైర్ఘ్యం, ఎంత మేరకు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. తెలుగు వైజ్ఞానిక వచనం తరచుగా తడబడేది ఇక్కడే.

ఓజోన్‌ను గురించిన తెలుగు రచనలలో 'కవచం', 'గొడుగు', 'రంధ్రం' అనే రూపకాలు స్థిరపడ్డాయి. తొలి పరిచయానికి అవి ఉపకరిస్తాయి. అయితే గొడుగు ఉంటే నీడ, చిల్లు పడితే ఎండ అన్న రెండు స్థితులనే అవి సూచిస్తాయి. అంటార్కిటికాపై 'రంధ్రం' అంటే ఓజోన్ బొత్తిగా లేని చోటు కాదు. దాని పరిమాణం 220 డాబ్సన్ యూనిట్ల కంటే తగ్గిన ప్రాంతం. 'అతినీలలోహితం' అనే పదంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. సంస్కృతంలో 'దాటిన' అనే అర్థమిచ్చే 'అతి' తెలుగు వ్యవహారంలో 'మితిమీరిన' అని ధ్వనిస్తుంది. 'పరారుణం'లోని 'పర'కు ఆ ఇబ్బంది లేదు.

ఈ రూపకాల పరిమితి ధ్రువ సముద్రాల దగ్గర స్పష్టమవుతుంది. అక్కడ పరిశోధకులు కాంతిమాపకాన్ని ఓడనీడ పడని చోట నీటిలోకి దించుతారు. ఉపరితలంపై పడే కాంతిని అదే సమయంలో మరొక మాపకంతో కొలుస్తారు. నీరు అంతటా ఒకేలా ఉండి, 10 మీటర్ల లోతున పదో వంతు కాంతి మిగిలితే, 20 మీటర్ల వద్ద మిగిలేది నూరో వంతు. కరిగిన సేంద్రియ పదార్థం, మంచు, మంచుపై పేరుకున్న హిమం ఈ లెక్కను మారుస్తాయి. 1990లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో పరిశీలనలు జరిపిన రేమండ్ స్మిత్ బృందం, ఓజోన్ క్షీణత వల్ల మంచు అంచు జలాలలో వృక్షప్లవకాల ఉత్పాదకత కనీసం 6–12 శాతం తగ్గిందని 1992లో అంచనా వేసింది. 'రంధ్రం' అన్న మాట ఈ శాతాన్ని వివరించలేదు.

ఇది దూరదేశపు సమస్య మాత్రమే కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు గుర్తించే వృక్షప్లవకాల పత్రహరితం ఆధారంగానూ మత్స్యకారులకు చేపల జాడ తెలుపుతున్నది. ఇటువంటి శాస్త్రాన్ని తెలుగులో చదివే విద్యార్థికి అంతరాలను చెప్పగల భాష కావాలి. ఏది ఆగింది, ఏది దిగింది, ఎంత మిగిలింది అన్న మూడింటినీ 'వడపోత' అనే వాడుక మాట పట్టుకోగలదు. ఓజోన్‌కు, అద్దానికి, సముద్రజలానికి అదొక్కటే సరిపోతుంది. పాఠ్యరచయితలు 'కవచం' స్థానంలో దానిని పరిశీలించడం అవసరం.