పసుపు కాళ్ళ పెట్ట

నాటుకోడిని బేరమాడేవాళ్ళు ముందు ఈకల రంగు చూస్తారు, తర్వాత బరువు చూస్తారు. ఒకసారి కాళ్ళు చూడండి. అనంతపురం జిల్లా యాడికి లాంటి ఊళ్ళో, నాపరాళ్ళ అరుగుల పక్కన మట్టి గీరుకుంటూ తిరిగే కోళ్ళకు కాళ్ళన్నీ ఒకే రంగులో ఉండవు. కొన్నింటివి పసుపు, కొన్నింటివి తెలుపు, కొన్నింటివి సీసం రంగు, అక్కడక్కడ ఒకదానివి ఆకుపచ్చ. ఈ నాలుగింటికీ వాడిన సరుకు రెండే రంగులు. పై చర్మంలో పసుపు, లోపలి చర్మంలో నలుపు. రెండూ లేకపోతే తెల్లకాలు. పసుపు ఒక్కటే ఉంటే పసుపు కాలు. నలుపు ఒక్కటే ఉంటే అది పై చర్మంలోంచి నీలిగా, సీసంలా కనబడుతుంది. నలుపు మీద పసుపు పరుచుకుంటే ఆకుపచ్చ. ఇంత తక్కువ సరంజామాతో ఇంత తేడా చూపించిన పనితనం నాకు ఎప్పుడు చూసినా అబ్బురమే.

ఆ పసుపును కోడి తన ఒంట్లో తయారు చేసుకోలేదు. కెరోటినాయిడ్లనే ఆ వర్ణకాలు పచ్చగడ్డిలో, తోటకూరలో, మొక్కజొన్నలో ఉంటాయి; ఆకు తిన్న పురుగుల్లోనూ ఉంటాయి. కోడి తిండిలోంచి తీసుకుని చర్మంలో దాచుకుంటుంది. పెట్ట గుడ్లకు వచ్చాక ఆ రంగు పచ్చసొనకు పోతుంది, ఒళ్ళు వెలిసిపోతుంది. వెలవడంలోనూ ఒక వరస ఉంది. ముందు గుడ్డు బయటికి వచ్చే చోటు, తర్వాత కంటి చుట్టూ ఉన్న అంచు, తర్వాత ముక్కు మొదలు నుంచి కొన దాకా, అన్నింటికన్నా చివర కాళ్ళు. గుడ్లు ఆపితే అదే వరసలో రంగు తిరిగి వస్తుంది. కాబట్టి పసుపు జాతి పెట్ట కాళ్ళు పాలిపోయి ఉంటే చాలాకాలంగా గుడ్లు పెడుతోందని అర్థం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం జిల్లాలో, ఎండాకాలం పచ్చ అన్నది కరువైనప్పుడు, ఈ లెక్క ఇంకా కరుకుగా ఉంటుంది.

ఇంతకీ పసుపు కాలు ఎక్కడి నుంచి వచ్చింది? పెంపుడు కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి అని చార్లెస్ డార్విన్ 1868లోనే రాశాడు. మనిషి పెంచే కోళ్ళన్నీ ఆ ఒక్క జాతి సంతానమేనన్నది ఆయన తీర్పు. దక్షిణాదిది ఇంకో అడవికోడి ఉంది, బూడిద రంగుది. ఆయన దాన్నీ పరిశీలించాడు. ఊరి కోడితో కలిపితే పుట్టే సంకరాల గుడ్లు చాలా మటుకు పిల్లలు కావని చూసి పక్కన పెట్టాడు. ఆయన దగ్గరున్న ఆధారాలకు అది న్యాయమైన తీర్పే. కాకపోతే ఎర్ర అడవికోడి కాళ్ళు సీసం రంగువి.

బూడిద అడవికోడి మన పక్షి. స్థూలంగా గోదావరికి ఉత్తరాన ఎర్రది, దక్షిణాన ఇది. శేషాచలం, నల్లమల అడవుల్లో తెల్లవారుజామున వినిపించే తెగతెగిన కూత దీనిదే; ఊరి పుంజు కూతకూ దీనికీ పోలికే లేదు. పుంజు మెడ ఈక ఒక్కటి దగ్గరగా చూస్తే చాలు. నల్లని బూడిద ఈక, మధ్య కాడ తెల్లగా, దాని మీద తెల్లమచ్చ. కొనకు వచ్చేసరికి ఈక పోగులన్నీ కాడతో కలిసి అతుక్కుపోయి, మైనం పూసినట్టు మెరిసే చిన్న బంగారు పలకగా మారతాయి. మెడంతా అలాంటి పలకలే. ఈ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చేపల గాలానికి కట్టే ఉత్తుత్తి ఈగల కోసం ఇంగ్లండ్ వేటగాళ్ళు ఈ మెడ ఈకల్ని ఎగబడి కొన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇప్పుడు ఈ పక్షికి రక్షణ.

ఈ జాతి పెట్టకు ఆ బంగారు పలకలు లేవు. కానీ కాళ్ళు పసుపు.

2008లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లీఫ్ ఆండర్సన్ బృందం పసుపు చర్మానికి కారణమైన జన్యువును పట్టుకుంది. కెరోటినాయిడ్లను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసే జన్యువు అది. తెల్ల చర్మపు కోళ్ళలో అది చర్మంలోనూ పనిచేసి రంగును నిలవనివ్వదు. పసుపు కోళ్ళలో ఆ జన్యువు చెడిపోలేదు. కాలేయంలో మామూలుగానే పనిచేస్తుంది, చర్మంలో మాత్రం ఊరుకుంటుంది. వాళ్ళ పనిలో నాకు మరీ నచ్చింది దీని తర్వాతి అడుగు. కాళ్ళు ఒకే రంగులో ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేయలేదు. దేశదేశాల పసుపు కోళ్ళలో ఆ జన్యువు చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ముక్కను అక్షరం అక్షరం చదివి, అడవికోళ్ళ ముక్కలతో పోల్చారు. కోడి జన్యురాశి చాలా మటుకు ఎర్రదానికి దగ్గర. ఈ ముక్క మాత్రం బూడిదదానికి దగ్గర. ఆ పక్షి సొంత అడవులు భారతదేశంలోనే ఉన్నాయి గనక ఆ కలయిక మన నేల మీదే జరిగి ఉండాలి. ఇవాళ ప్రపంచమంతా గుడ్లు పెట్టే తెల్ల లెగ్‌హార్న్ పసుపు కాళ్ళలో ఉన్నది దక్షిణ భారతపు అడవికోడి వారసత్వమే. డార్విన్ చూసిన అడ్డంకి నిజమే; అయితే ఆ అడ్డంకిని దాటి వచ్చిన సంకరం ఏ కొద్దిగానో ఉంటే చాలు, మిగతా పని పెంచినవాళ్ళ చేతుల్లోది.

ఎర్ర తాత విషయంలోనూ ఇప్పుడు స్పష్టత వచ్చింది. పెంపుడు కోళ్ళవీ అడవికోళ్ళవీ కలిపి 863 జన్యురాశులు చదివి 2020లో వెలువరించిన అధ్యయనం, నైరుతి చైనా, మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్ ప్రాంతాల ఉపజాతి పెంపుడు కోడికి అన్నిటికన్నా దగ్గర అని చూపింది. 2022లో ఎముకలు తిరిగి పరిశీలించిన బృందం, నిస్సందేహంగా పెంపుడువని చెప్పగల అతి పాత కోడి ఎముకలు మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లోవని తేల్చింది. కాలం క్రీ.పూ. 1650-1250. వాన మీద ఆధారపడి వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక గింజల కోసం అడవికోడి ఊరికి చేరిందని వాళ్ళ వాదన. నాకిది నమ్మదగ్గదిగా తోస్తుంది. మన మెట్ట పొలాల్లో కొర్ర, జొన్న కల్లం వేసిన రోజు కోళ్ళు ఎక్కడ ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇన్ని వేల ఏళ్ళు ఇళ్ళల్లో పెరిగినా ఆ అడవి పని చాలా మటుకు చెక్కు చెదరలేదు. ఆకాశంలో గద్ద కనబడితే పుంజు చేసే చప్పుడు వేరు, కుక్క వస్తే చేసేది వేరు. అడవికోడిదీ ఇదే పద్ధతి. పొదుగుకు వచ్చిన పెట్ట మరీ ముచ్చట. పొట్ట మీద ఈకలు రాలి, ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగులుతుంది. గుడ్లను ముక్కుతో రోజుకు ఎన్నోసార్లు దొర్లించి, అంచువి మధ్యకు, మధ్యవి అంచుకు మారుస్తుంది. మేతకూ నీళ్ళకూ కాసేపు లేస్తుంది, అంతే. 21వ రోజు దగ్గర పడేసరికి పెంకు లోపలి పిల్లల కూత వినబడుతుంది, తల్లి మెల్లగా బదులు పలుకుతుంది. ఊళ్ళో అవ్వలు చేసేదల్లా ఆ పనికి వీలు కల్పించడమే. గంపలో గడ్డి పరిచి, గుడ్లను పిడికిట్లో పట్టి ఎండకు చూసి, మురిగినవి తీసేసి, చీకటి మూల పెడతారు.

ఈ పొదుగు బుద్ధిని గుడ్ల పరిశ్రమ తన కోళ్ళలోంచి ఏరి ఏరి తీసేసింది, ఎందుకంటే పొదిగే పెట్ట ఆ రోజుల్లో గుడ్లు పెట్టదు. అందుకే పొదిగించే యంత్రం లేని ఊళ్ళో మెరుగైన పెరటి రకాల గుడ్లు ఎవరైనా తెచ్చుకుంటే, వాటిని వేయడానికి పొదుగుకు వచ్చిన నాటు పెట్ట ఎవరింట్లో ఉందా అని వాకబు చేసుకోవాల్సిందే.