గొడ్డు: ఒక మాటలో రెండు మాటలు

పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు జంతువుల పేర్లతో మొదలుపెట్టడం మనందరికీ అలవాటే. ఆవు, ఎద్దు, మేక సులువుగానే సాగిపోతాయి. చిక్కు 'గొడ్డు' దగ్గర వస్తుంది. బొమ్మ చూపించి సరిపెట్టుకోగల మాట కాదది. దాన్ని కాస్త విప్పి చూడాలని మా ప్రయత్నం.

మొదటి అర్థం పశువు. పల్లెలో గొడ్డూ గోదా ఉన్నవాడంటే కలిగినవాడని లెక్క. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అన్న సామెతలో పశువుకూ బిడ్డకూ ఒకే పీట వేశారు పెద్దలు. ఈ ఆలోచన మన సొత్తే కాదు. ఇంగ్లీషులో క్యాటిల్, క్యాపిటల్ అన్నవి ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ప్లేనోలో మనం నిత్యం తిరిగే ప్రెస్టన్ రోడ్డు కూడా, 19వ శతాబ్దంలో టెక్సస్ గొడ్లను ఉత్తరాదికి తోలుకుపోయిన షానీ బాట జాడలో పడిందే. అయితే సిరి అన్న నోటితోనే గొడ్డుచాకిరీ అన్నాం, గొడ్డును బాదినట్టు బాదాడనీ అన్నాం.

రెండో అర్థం వేరు. గొడ్డుకారం సంగతి చూడండి. దానికీ పశువుకూ ముడిపెట్టేవారున్నారు. మాకది సమ్మతం కాదు. పప్పులూ వెల్లుల్లీ ఏమీ కలపని ఉత్త కారం అది. కన్నడిగులు పప్పు వేయని పలుచని చారును 'గొడ్డు సారు' అంటారు. అక్కడ గొడ్డు అంటే ఒట్టిది, ఫలించనిది. "మన దేశం గొడ్డుపోయిందా?" అని ఉపన్యాసకులు గర్జించేదీ ఈ అర్థంలోనే. 1852లో వెలువడిన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువులో పశువూ ఉంది, వంధ్యత్వమూ ఉంది. ఒకే ధ్వనిలో రెండు మాటలు కాపురం చేస్తున్నాయని మా అభిప్రాయం.

ఈ కాపురంలో నష్టపోయినది 'గొడ్రాలు' అనిపించుకున్న స్త్రీ. వ్యుత్పత్తిని బట్టి ఆమె 'ఒట్టిది'. వినేవారి చెవికి మాత్రం పశువు కూడా తగులుతుంది. ఒక్క తిట్టులో రెండు దెబ్బలు! పైగా ఈ మాటకు పుంలింగం వాడుకలో లేదు. నపుంసకుడన్న మాట ఉన్నా, అది వేరే లోపాన్ని చెబుతుంది.

వైద్యులుగా మేము ఇక్కడ మాట్లాడక తప్పదు. ఏడాదిపాటు ఏ నిరోధమూ లేకుండా కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అది స్త్రీకైనా పురుషుడికైనా వచ్చే వ్యాధి అని స్పష్టంగానే చెప్పింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆరుగురిలో ఒకరికి ఈ ఇబ్బంది ఎదురవుతుందని 2023లో లెక్క తేల్చింది. సుమారు సగం జంటల్లో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష చవక, నొప్పి లేనిది, మొదటే చేయవలసినది. అయినా సూదులూ స్కానులూ ముందు భార్యకే అవుతాయి. భర్త మటుకు "నాకేం లోపం?" అంటూ నెలలు గడిపేస్తాడు. భాషలో లేని పుంలింగం ఇంట్లోనూ కనబడదు మరి.

మన సంఘాల విందుల్లో 'గొడ్రాలు' అన్న మాట ఎవరూ అనరు, నిజమే. "ఏమిటి విశేషం? ఇంకా ఏమీ లేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వేసేదీ ఆడవారినే. మాట మారింది గాని, వేలు చూపే దిక్కు మారలేదు.

నిఘంటువులోంచి ఏ మాటనూ కొట్టివేయమని మేము కోరడం లేదు. గొడ్డుకారం అన్నంలోకి కావాలి, గొడ్డూ గోదా సామెతల్లో ఉండాలి. మనిషికి మాత్రం ఆ మాట అంటగట్టవద్దు, ప్రశ్న రూపంలోనైనా సరే. పరీక్షకు వెళ్లవలసివస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. "మంచి గొడ్డుకో దెబ్బ, మంచి మనిషికో మాట" అని మనవాళ్లే అన్నారు కదా!