బదనిక మహిమ

నందికొట్కూరు వంటి మెట్టసీమలో, వేసవిని ఆకు రాలిన చెట్టుపై ఒక్క గుబురు మాత్రము పచ్చగా నిలిచియుండిన, అది తరచు బదనికయే యగును. నేలలో వేరు లేని ఈ పచ్చదనమును చూచి పూర్వులు దానికి మహిమ నాపాదించుట వింత కాదు. ఫలానా చెట్టు బదనికను ఫలానా నక్షత్రమున తెచ్చిన ధనము, వశ్యము, ఆరోగ్యము కలుగునని మంత్రగ్రంథములు చెప్పుచున్నవి. ఐరోపాలోని డ్రూయిడ్ పూజారులు కూడ ఓక్ చెట్టు బదనికను, చాంద్రమాసపు ఆరవ దినమున బంగారు కొడవలితో కోసెడివారని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వ్రాసెను.

మన బదనికకు వృక్షశాస్త్రమున డెండ్రాఫ్తో ఫాల్కేటా యని పేరు. ఇది సగము పరాన్నజీవి. ఆకులలో పత్రహరితము కలదు కనుక ఆహారమును చాలవరకు తానే తయారుచేసికొనును; నీటిని, లవణములను మాత్రము కొమ్మలోనికి చూషకములను చొప్పించి పీల్చుకొనును. దీని జిగురు గింజలను చిన్న పిట్టలు కొమ్మలపై విడుచును.

జానపదుల నమ్మకములో ఒక సత్యము దాగియున్నది. బదనిక గుణము అది పెరిగిన చెట్టునుబట్టి మారవచ్చును. గన్నేరుపై పెరిగిన బదనికలో, గుండెపై పనిచేయు గన్నేరు విషములు ఉన్నట్లు 1961లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. కావున ఏ చెట్టుదో ఎరుగక బదనికను మందుగా మ్రింగుట ప్రమాదకరము. నక్షత్రము ఆ విషమును తెచ్చునదియు కాదు, తీసివేయునదియు కాదు.

హోమియోపతిలో వాడు విస్కం ఆల్బం ఐరోపా బదనిక; అది వేరు జాతి. మూర్ఛకు దానిని వాడుట హానిమన్ (1755–1843) కంటె ఎంతో పూర్వపు ఆచారము. నేలపై పడని మొక్క రోగిని కూడ పడనీయదను పోలికయే దీనికి మూలమని జేమ్స్ ఫ్రేజర్ భావించెను. హోమియో గ్రంథములలోను మూర్ఛ పేరు నిలిచియేయున్నది. అయితే 30 సి పొటెన్సీ యనగా నూరవ వంతుగా 30 మార్లు పలుచన చేయుట. 12 మార్లు దాటునప్పటికే మూలపదార్థపు అణువు ఒక్కటైనను మిగులుట అరుదు. జానపదుడు చెట్టును పట్టించుకొనెను. ఈ పద్ధతి చెట్టు ఇచ్చినదానినే కడిగివేయుచున్నది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి, హోమియోపతి ఏ వ్యాధికిని పనిచేయునన్న నమ్మదగిన ఆధారము లేదని తేల్చినది.

తగిన మందులు వాడిన, మూర్ఛరోగులలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు రాకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అట్టి బాలునికి తాయెత్తు కట్టియో, తీపి గుళికలు వేసియో కాలము గడుపుట అపాయము. ఉపాధ్యాయుడు బదనిక కొమ్మను తరగతికి తెచ్చి, రెండు కాండములు కలిసిన చోటును కోసి చూపవచ్చును. రోగిని మాత్రము ఆసుపత్రికే పంపవలెను.