పూలు పేర్చే చేతులు

ఉత్తర తెలంగాణలో పూలు పేర్చే పనితనం చూడాలంటే బతుకమ్మ నాడే చూడాలి. వానాకాలం చివర కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చేలగట్ల మీద గునుగు తెల్లగా, బీళ్లలో తంగేడు పచ్చగా విరగబూస్తాయి. వాకిట్లో బంతి, కట్ల, సీతజడ. పందిరి మీద గుమ్మడి, బీర. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఆడవాళ్ల చేతుల నిండా ఇవే.

ముందు గునుగు కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, కట్టలు కట్టి, కొన్నింటి కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు వెంట తంగేడు వరుస పెడతారు. పూలు బయటికి, కాడలు లోపలికి. మధ్య ఖాళీని తరిగిన ఆకులు, కాడలతో గట్టిగా నింపుతారు. కిటుకంతా ఈ నింపుడులోనే ఉంది. అది వదులైతే పై వరుస కుంగుతుంది, ఎత్తుకోగానే బతుకమ్మ ఒరుగుతుంది. వరుస వరుసకూ చుట్టు కొంచెం తగ్గిస్తూ పైకి తెచ్చి, కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మను పెడతారు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ఆ గౌరవంలో సగం ఈ చేతులదే. అచ్చు లేదు, కొలబద్ద లేదు, కన్నే కొలత. అమ్మకు పూలు అందిస్తూ అందిస్తూనే పిల్లలు నేర్చుకుంటారు. సాయంత్రం ఆడి చెరువులో వదిలేదానికి పొద్దంతా ఇంత శ్రద్ధ పెట్టడం చాలా గొప్ప సంగతి. ఈసారి పేర్చేటప్పుడు మీ పిల్లల్ని, మగపిల్లల్ని కూడా, పక్కన కూర్చోబెట్టుకోండి.